గుట్టమీది నల్లరాయి, కంప్యూటర్‌లో వేడి లెక్క

యాదగిరిగుట్ట దాదాపు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆగస్టులో మబ్బు కాపాడుతుంది గానీ మేలో ఆ ఆసరా ఉండదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఆ రోజుల్లో 42, 43 డిగ్రీల ఎండ మామూలే, 45 దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. దర్శనానికి వచ్చినవాళ్లు ఆ ఎండలోనే చెప్పులు విడిచి నడవాలి. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో తెరుచుకున్న కొత్త ఆలయాన్ని కృష్ణశిలతో కట్టారు. నల్లరాయి ఎండను తాగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆరుబయట ఉన్న అలాంటి రాయి ఎంత వేడెక్కుతుంది? తెల్లటి చలువ పెయింట్ వేస్తే ఎంత తగ్గుతుంది? పీచు పట్టా పరిస్తే పాదానికి ఎంత హాయి? నీళ్లు చల్లితే ఎంతసేపు నిలుస్తుంది? తిరుమల మాడవీధుల్లో చలువ పెయింట్లూ చలువ పందిళ్లూ చూసినవాళ్లందరికీ ఈ ప్రశ్నలు తెలుసు. వేసవి వస్తే ప్రతి పెద్ద గుడీ వీటిని తేల్చుకోవాల్సిందే.

ఇలాంటి ప్రశ్నలకు ఇంజినీర్లు ఇవాళ వాడే సాధనం ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణ ప్రసారం లెక్కను ఎలా అమర్చాలో, దాన్ని ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ ఆగి ఆలోచించాలో ఎండలో ఉన్న ఒక నల్లరాతి పలకను ముందుపెట్టుకుని చూద్దాం. నా అభిప్రాయం మొదటే చెప్తాను. ఈ లెక్కల్లో జవాబును నిర్ణయించేది మెష్ (లెక్కకోసం రాయిని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) ఎంత సన్నగా ఉందన్నది గానీ, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అన్నది గానీ కానే కాదు. రాయి బయటి ప్రపంచాన్ని తాకే చోట, అంటే అంచు దగ్గర, మనం టైప్ చేసే రెండు మూడు సంఖ్యలే జవాబును నిర్ణయిస్తాయి. ఆ సంఖ్యలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేకపోతే రంగురంగుల బొమ్మకు విలువ లేదు.

మనవాళ్లు రాసిన పుస్తకాలు

వేడి ఘనపదార్థంలో ఎలా పాకుతుందో ఫ్రాన్సులో ఫూరియే 1822లోనే పుస్తకంగా రాశాడు. సమీకరణం అప్పటినుంచీ ఉంది. చిక్కల్లా వంకర ఆకారాలకు, కలగలిసిన పదార్థాలకు దాన్ని సాధించడంలోనే. 1943లో కూరెంట్ అనే గణితవేత్త ఆకారాన్ని త్రిభుజాలుగా విడగొట్టి లెక్కించే దారి చూపాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమాన నిర్మాణాల బలాన్ని అదే తీరుగా లెక్కగట్టారు. 1960లో క్లఫ్ దానికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరుపెట్టాడు. అప్పటిదాకా అది బలాల శాస్త్రమే. 1965లో జీన్‌కివిచ్, చెంగ్ కలిసి ఇదే పద్ధతి ఉష్ణ వహనం వంటి క్షేత్ర సమస్యలకూ పనికొస్తుందని చూపించారు. మరుసటేడు విల్సన్, నికెల్ కాలంతో మారే వేడికి దాన్ని వర్తింపజేశారు. మనం ఇప్పుడు మెనూలో ‘ట్రాన్సియెంట్ థర్మల్’ అని నొక్కేదానికి మూలం అక్కడుంది.

ఈ శాస్త్రాన్ని తరగతి గదుల్లోకి తెచ్చినవాళ్లలో తెలుగువాళ్ల పాత్ర చాలా పెద్దది. మనం దాన్ని చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు. వరంగల్ ప్రాంతంలో పుట్టి, 1968లో ఉస్మానియాలో మెకానికల్ ఇంజినీరింగ్ ముగించి అమెరికా వెళ్లిన జె.ఎన్. రెడ్డి 1984లో తెచ్చిన ఫైనైట్ ఎలిమెంట్ పరిచయ గ్రంథం ప్రపంచమంతటా పాఠ్యపుస్తకమైంది. ఉష్ణ ప్రసారానికీ ద్రవ గతిశాస్త్రానికీ ఈ పద్ధతిని ఎలా వాడాలో చెప్పే ప్రత్యేక గ్రంథాన్ని ఆయనే గార్ట్‌లింగ్‌తో కలిసి 1994లో వెలువరించారు. యాంత్రికశాస్త్రంలో అత్యున్నతమని పేరున్న టిమోషెంకో పతకం 2019లో ఆయనకు దక్కింది. వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన చంద్రుపట్ల తిరుపతి, అశోక్ బెలెగుండుతో కలిసి రాసిన పుస్తకం మన విశ్వవిద్యాలయాల సిలబస్‌లలో ఏళ్లుగా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వెళ్లిన సింగిరెసు ఎస్. రావు పుస్తకం వీటికి ముందే, 1982లో వచ్చింది. అంటే ప్రపంచం ఈ పద్ధతి నేర్చుకున్న పుస్తకాల్లో కనీసం మూడు మన కాలేజీల్లో చదువుకున్నవాళ్లవి. అదే కాలేజీల్లో ఈనాటి విద్యార్థి పరీక్షకు ఒక ఫిన్ సమస్యను చేత్తో సాధించి, ల్యాబ్‌లో మాన్యువల్ చెప్పిన వరసలో బటన్లు నొక్కి బయటపడుతున్నాడంటే నాకు బాధగా ఉంటుంది.

రాయి గురించి తెలియాల్సినవి

పద్ధతి సారం చిన్నదే. రాయిలో ఏ ముక్క తీసుకున్నా, లోపలికి వచ్చిన వేడి, బయటికి పోయిన వేడి, లోపల నిల్వపడ్డ వేడి లెక్క సరిపోవాలి. రాయిని ఎలిమెంట్లుగా విడగొట్టి, వాటి మూలల్లోని నోడ్ల దగ్గర ఉష్ణోగ్రతలను తెలియని రాశులుగా పెట్టుకుంటే, ఆ లెక్క ఒక పెద్ద సమీకరణాల గుంపుగా మారుతుంది. దాన్ని సాధించడం కంప్యూటర్ పని. దానికి మనం ఇవ్వాల్సినవి రాయి ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం.

ఇక్కడే మొదటి పొరపాటు జరిగే వీలుంది. సాఫ్ట్‌వేర్ గ్రంథాలయంలో ‘గ్రానైట్’ అని ఒక వరస ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే సరిపోతుందనుకుంటాం. వ్యాపారంలో నల్ల గ్రానైట్‌గా అమ్ముడుపోయే రాళ్లు చాలావరకు భూగర్భశాస్త్రం ప్రకారం గ్యాబ్రో, డోలరైట్ జాతివి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతా వెళ్లే బ్లాక్ గెలాక్సీ కూడా గ్యాబ్రో కుటుంబమే. భువనగిరి కోట నిలిచిన ఏకశిల వంటి మన తెలంగాణ బోడుగుట్టల గ్రానైట్ వేరు, ఇది వేరు. గ్రానైట్ సాంద్రత ఘనపు మీటరుకు 2,650 నుంచి 2,700 కిలోలు, వాహకత 3కు దగ్గర. నల్లరాళ్ల సాంద్రత 2,900 నుంచి 3,000 దాకా, వాహకత 2.2 చుట్టూ. తేడా ఉంది. అయితే ఈ తేడా జవాబును ఎంత మారుస్తుందో లెక్కగడితే, మధ్యాహ్నపు ఉపరితల ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీకి అటూఇటూ వస్తుంది. ఈ ఒక్క డిగ్రీని గుర్తుపెట్టుకోండి.

తర్వాత లోతు. పలక మందం పది సెంటీమీటర్లే కదా అని అంతవరకే మోడల్ గీస్తే తప్పు. ఈ రాయిలో రోజువారీ వేడి అల 16 సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికి మూడోవంతుకు కాస్త పైన మిగులుతుంది. మీటరు లోతుకు దాదాపు ఆరిపోతుంది. కాబట్టి పలక కింది మసాలా పొర, కాంక్రీటు, పూడిక అన్నీ కలిపి మీటరు దాకా తీసుకుని, అడుగున వేడి ప్రవాహం లేదని పెట్టొచ్చు. విశాలమైన ఆరుబయటి నేలకు త్రీడీ బొమ్మ అక్కర్లేదు. వేడి పైనుంచి కిందికే పోతుంది గనుక ఒకే వరస ఎలిమెంట్లు చాలు. మూల మూలకూ చెక్కడాలతో సహా గుడిని గీసి లక్షల ఎలిమెంట్లు నింపిన బొమ్మ చూడ్డానికి ఘనంగా ఉంటుంది. ఈ ప్రశ్నకు మాత్రం అది కొత్తగా చెప్పేదేమీ లేదు. గోడ మూల, మెట్టు, స్తంభం అడుగు వంటి చోట్లకే రెండు మూడు దిశల మోడల్ అవసరం.

మోడల్ ఏ ఉష్ణోగ్రతతో మొదలుపెట్టాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. తెల్లవారుజామున రాయంతా 30 డిగ్రీలు అని పెడితే అది నిజం కాదు. నిన్నటి వేడి ఇంకా లోపల ఉంటుంది. మీటరు లోతుకు వేడి సర్దుకోవడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అందుకే ఒకే రోజు ఎండను మళ్లీమళ్లీ తిప్పి, ఈరోజు గ్రాఫ్ నిన్నటి గ్రాఫ్‌తో కలిసేదాకా నడిపి, ఆ తర్వాతి రోజునే జవాబుగా తీసుకోవాలి.

అంచు దగ్గర

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. రాతి పైముఖం మీద నాలుగు వ్యవహారాలు ఒకేసారి నడుస్తాయి. ఎండ వచ్చి పడుతుంది, గాలి కొంత లాగేస్తుంది, ఆకాశంలోకి కొంత వికిరణమై పోతుంది, మిగిలింది లోపలికి దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో వీటిని బౌండరీ కండిషన్లు అంటారు. ఒక్కోదానికీ ఒక సంఖ్య ఇవ్వాలి.

మే నెల నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరుకు 950 వాట్ల ఎండ అనుకుందాం. నల్లరాయి అందులో 88 శాతం తీసుకుంటుందనుకుంటే 836 వాట్లు. గాలి ఉష్ణోగ్రత తెల్లవారుజామున 28, మధ్యాహ్నం 42. ఆకాశం మనకన్నా చల్లన. పొడి వేసవిలో దాన్ని గాలి కంటే 18 డిగ్రీలు తక్కువ ఉన్న ఒక కప్పులా తీసుకోవచ్చు. గాలి ఎంత వేడి లాగుతుందో చెప్పే సంవహన గుణకాన్ని చదరపు మీటరుకు, డిగ్రీకి 12 వాట్లు అని పెట్టి, రోజు మొత్తానికి చేత్తో లెక్కగడితే రాతి ఉపరితలం గరిష్ఠంగా 62 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. గరిష్ఠం పన్నెండింటికి రాదు, ఒంటిగంట దాటాక వస్తుంది.

ఇప్పుడు ఆ 12ను కదిలించి చూడండి. నాలుగు వైపులా ప్రాకారం, మండపాలు ఉండి గాలి స్తంభించిన మూలలో అది 6కు పడిపోవచ్చు. అప్పుడు రాయి 68 డిగ్రీలు. గుట్ట అంచున గాలి బాగా కొట్టే చోట 25 కావచ్చు. అప్పుడు 56. ఒకే ఎండ, ఒకే రాయి, ఒకే సాఫ్ట్‌వేర్, పన్నెండు డిగ్రీల తేడా. రాయి జాతిని తప్పుగా ఎంచుకుంటే ఒక డిగ్రీ. ఎండను తీసుకునే శాతం 88కి బదులు 80 పెడితే రెండు మూడు డిగ్రీలు. మెష్‌ను సగానికి సన్నం చేస్తే, మొదటి మెష్ మరీ మోటుగా లేకపోతే, డిగ్రీలో చిన్న భాగం. మన శ్రమలో ఎక్కువ భాగం మెష్ మీద పోతోంది. జవాబులోని అనిశ్చితి మాత్రం దాదాపు అంతా గాలి దగ్గర ఉంది.

ఆ 12 ఎక్కడినుంచి వస్తుంది? పుస్తకాల్లో గాలి వేగానికీ గుణకానికీ సూత్రాలుంటాయి. అవి చాలావరకు నున్నని పలకల మీద, అడ్డులేని గాలిలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి. గుట్టమీద గాలి అలా వీయదు. గోడను కొట్టి తిరుగుతుంది, గోపురం వెనక ఆగిపోతుంది. ద్రవ గతిశాస్త్రపు సాఫ్ట్‌వేర్‌తో గాలినీ కలిపి లెక్కగట్టొచ్చు. అప్పుడు ఆ లెక్కకు వాతావరణ గాలి ఎలా వస్తోందో మళ్లీ ఎవరో చెప్పాలి. ప్రశ్న అంచునుంచి ఇంకో అంచుకు జరుగుతుందంతే. దీనికి తేలికైన మందు రాయినే అడగడం. పలక కీళ్లలో రెండు, పది, ముప్ఫై సెంటీమీటర్ల లోతున థర్మోకపుల్ తీగలు పెట్టి రెండు మూడు రోజులు ఉష్ణోగ్రతలు రాసుకుంటే, ఏ గుణకం పెడితే మోడల్ ఆ గీతల మీద కూర్చుంటుందో వెనక్కి లెక్కగట్టొచ్చు. మోడల్‌కు కావాల్సిన విలువను ఆ చోటే ఇస్తుంది.

వికిరణం దగ్గర ఇంకో సంగతి ఉంది. ఆరుబయలు అంటే పూర్తిగా ఆకాశమే అనుకుంటాం. ప్రాకారం పక్కనున్న నేలకు ఆకాశం సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఎండకు కాగిన నల్లటి గోడ. ఆ గోడ చల్లని ఆకాశాన్ని దాచడమే కాకుండా తన వేడిని నేల మీదికి పంపుతుంది. దీన్ని లెక్కలోకి తేవడానికి వ్యూ ఫ్యాక్టర్లు వాడాలి. సాఫ్ట్‌వేర్లు వాటిని వాటంతటవే లెక్కగడతాయి గానీ, ‘సర్ఫేస్ టు సర్ఫేస్’ అనే ఎంపికను మనం పెట్టకపోతే అన్ని ముఖాలూ ఖాళీ ఆకాశాన్నే చూస్తున్నాయనుకుని ముందుకెళ్తాయి. గోడ పక్కన నడిచేవాడికి ఎందుకు ఎక్కువ కాలుతోందో అప్పుడు మోడల్ చెప్పలేదు.

తెల్ల పెయింట్ సంగతి ఇక సూటిగా తేలుతుంది. కొత్తగా వేసిన చలువ పెయింట్ ఎండలో 30 శాతమే తీసుకుంటుందనుకుంటే, పై లెక్కలోనే రాయి 44 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 62 ఎక్కడ, 44 ఎక్కడ! వేల పాదాలు తొక్కి, దుమ్ము పట్టి ఆ 30 కాస్తా 50 శాతం అయితే 50 డిగ్రీలు. కాబట్టి పెయింట్ కొన్నప్పటి సర్టిఫికెట్ సంఖ్య కంటే, నెల తర్వాత అది ఏ రంగులో ఉందన్నదే మోడల్‌కు ముఖ్యం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఇళ్ల కప్పుల గురించి. దాని వెనకున్న భౌతికశాస్త్రం మాత్రం ఇదే. కప్పు మీద ఎవరూ నడవరు, గుడి నేల మీద అందరూ నడుస్తారు. అందుకని కప్పుకు పనికొచ్చిన సంఖ్యను నేలకు అలాగే ఎత్తి రాయకూడదు.

పాదం తాకినప్పుడు

ఉపరితలం 62 డిగ్రీలంటే పాదానికి 62 కాదు. రెండు వస్తువులు తాకిన క్షణంలో వాటి మధ్య ఉష్ణోగ్రత, ఒక్కోటీ వేడిని ఎంత చురుగ్గా ఇవ్వగలదు, తీసుకోగలదు అన్నదాన్ని బట్టి కుదురుతుంది. ఎఫ్యూసివిటీ అనే ఈ గుణం వాహకత, సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధానికి వర్గమూలం. నల్లరాయికి అది సుమారు 2,250, చర్మానికి 1,200, చెక్కకు 400. 62 డిగ్రీల రాయి మీద 35 డిగ్రీల పాదం పెడితే స్పర్శ దగ్గర 53 డిగ్రీలు. అంతే వేడి ఉన్న చెక్క మీద పెడితే 42. పీచు పట్టా కింద రాయి ఉన్నా, పట్టా పైముఖం ఎండకు రాయికన్నా ఎక్కువే వేడెక్కొచ్చు. లోపలికి వేడి దిగకపోవడమే కారణం. అయినా దాని ఎఫ్యూసివిటీ నూటయాభై మాత్రమే గనుక 70 డిగ్రీల పట్టా మీద కూడా పాదానికి 39 డిగ్రీలే తగులుతుంది.

1947లో మోరిట్జ్, హెన్రిక్స్ చర్మం కాలడం మీద చేసిన పరిశోధనలో 44 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంటే గాయం మొదలవుతుందని, అక్కడినుంచి ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పట్టే సమయం వేగంగా తగ్గిపోతుందని తేలింది. 53 ఆ గీతకు చాలా పైన ఉంది. అరికాలి చర్మం మందం, అడుగు పడి లేచే తీరు కొంత కాపాడతాయి. చిన్నపిల్లల అరికాలు పలచన, క్యూలో నిలబడ్డవాళ్ల అడుగు లేవదు. అందుకే నన్నడిగితే ఈ లెక్కలో చూడాల్సిన అసలు ఫలితం ‘గరిష్ఠ ఉపరితల ఉష్ణోగ్రత’ అనే ఒక్క సంఖ్య కాదు, క్యూ ఆగే చోట స్పర్శ ఉష్ణోగ్రత ఎంతసేపు 44 దాటి ఉంటోందన్నది.

మెష్, కాలం, కొలమానాలు

మెష్‌కు ప్రాధాన్యం తక్కువ అన్నానని అది ఎలా ఉన్నా ఫర్వాలేదని కాదు. పైముఖం దగ్గర సెంటీమీటరు మందం, లోపలికి వెళ్లేకొద్దీ పెద్దవి. ఈ రాయికి అంత చాలు. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే వింత ఒకటుంది. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోస్తే కచ్చితత్వం పెరుగుతుందని అందరం అనుకుంటాం. మోటు మెష్‌తో మరీ చిన్న కాలపు అడుగు పెడితే జవాబు పాడవుతుంది. అయిదు సెంటీమీటర్ల ఎలిమెంట్లు పెట్టి, ఏడు నిమిషాలకన్నా చిన్న అడుగు తీసుకున్నారనుకోండి. మధ్యాహ్నం రాయి మీద చల్లనీళ్లు పోసిన క్షణంలో, నీళ్లు తగలని లోపలి నోడ్ ఉష్ణోగ్రత తగ్గకపోగా పెరిగినట్టు చూపిస్తుంది. ప్రకృతిలో అలా జరగదు. ఎలిమెంట్ పొడవు వర్గాన్ని, రాతి ఉష్ణ విసరణ గుణకానికి (వాహకతను సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) ఆరు రెట్లతో భాగిస్తే వచ్చే సమయం కన్నా అడుగు చిన్నది కాకూడదు. సెంటీమీటరు ఎలిమెంట్‌కు ఆ హద్దు 18 సెకన్ల దగ్గరికి దిగుతుంది, అప్పుడు నిమిషం అడుగు నిశ్చింతగా పెట్టొచ్చు.

కొలమానాల విషయంలో నిర్దాక్షిణ్యంగా ఉండాలి. డిజైన్ ఆఫీసుల్లో మిల్లీమీటరు, టన్ను, సెకను వాడుక ఎక్కువ. ఆ పద్ధతిలో ఉష్ణవాహకత సంఖ్య మారదు, 2.2 అంటే 2.2యే. దాంతో మిగతావీ మారవనిపిస్తుంది. సంవహన గుణకం 12కు బదులు 0.012 అవుతుంది, విశిష్టోష్ణం 800కు బదులు 80 కోట్లు అవుతుంది, స్టెఫాన్ స్థిరాంకం ఘాతం మైనస్ 8 నుంచి మైనస్ 11కు వెళ్తుంది. వికిరణానికి ఉష్ణోగ్రత కెల్విన్‌లోనే ఉండాలి. సెల్సియస్‌లో పని చేస్తూ 273.15 ఆఫ్‌సెట్ పెట్టడం మరిచిపోతే సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. రాయి ఆకాశానికి వేడే ఇవ్వనట్టు లెక్కగడుతుంది, జవాబు చూడ్డానికి నమ్మదగ్గట్టే ఉంటుంది.

అందుకే సొంత సమస్యకు ముందు, జవాబు తెలిసిన సమస్య ఒకటి నడపాలి. బ్రిటన్‌లో 1983లో మొదలైన నాఫెమ్స్ సంస్థ ఇందుకోసం ప్రామాణిక పరీక్షలు ఇచ్చింది. వాటిలో టి3 అనేది అచ్చం మన రాతి లాంటిదే. పది సెంటీమీటర్ల కడ్డీకి ఒక కొన సున్నా డిగ్రీలు, రెండో కొన సైన్ తరంగంలా వేడెక్కుతుంది. 32 సెకన్ల దగ్గర, వేడి కొన నుంచి రెండు సెంటీమీటర్ల లోపల 36.6 డిగ్రీలు రావాలి. రాకపోతే గుట్టమీదికి వెళ్లే పని లేదు. ఆ తర్వాత ప్రతి పరుగులోనూ శక్తి లెక్క చూసుకోవాలి. వచ్చిన వేడి, పోయిన వేడి, నిల్వ మూడూ కలవాలి. అయిదు నిమిషాల పని, దాన్ని వదిలేసిన రిపోర్టులు ఎన్నో చూశాను.

బంగారు విమానం

గుట్టమీద ఇంకో ముఖ్యమైన ఉపరితలం ఉంది. 2025 ఫిబ్రవరి 23న ఆవిష్కరించిన స్వర్ణ విమాన గోపురం. రాగి రేకుల మీద బంగారు తాపడం. మెరిసేది చల్లగా ఉంటుందని మనకు సహజంగా అనిపిస్తుంది. మెరుగుపెట్టిన బంగారం ఎండలో పావు వంతే తీసుకుంటుంది, నిజమే. దాని ఉద్గారత మాత్రం 0.04 అంత తక్కువ, అంటే వికిరణంగా వేడిని దాదాపు వదలదు. గాలి ఒక్కటే దిక్కు. నిలువు ఎండ పడే చోట, రేకు వెనక వేడి దిగే దారి లేదనుకుంటే, పై గాలి లెక్కతోనే బంగారు రేకు 61 డిగ్రీలకు చేరుతుంది. అంతే ఎండ తీసుకునే తెల్ల పెయింట్ వేసిన రేకు 50 లోపే ఆగుతుంది. తెల్లరంగు ఆకాశంలోకి బాగా వెదజల్లుతుంది. శోషణ, ఉద్గారత రెండూ ఒకటేనని ఒకే పెట్టెలో ఒకే సంఖ్య టైప్ చేసేవాళ్లు బంగారం దగ్గర పూర్తిగా తప్పుతారు.

రేకు వేడెక్కడం వల్ల వచ్చే ప్రశ్న వేరు. మీటరు పొడవున్న రాగి 40 డిగ్రీలు వేడెక్కితే 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది. కింది కట్టడం అంత వేడెక్కదు, రాయికి సాగే గుణమూ సగం కన్నా తక్కువ. ఈ తేడాను రేకు బిగింపులు ప్రతిరోజూ మోయాలి. ఉష్ణ లెక్క ఫలితాన్ని బలాల లెక్కకు లోడ్‌గా పంపే ‘కపుల్డ్’ విశ్లేషణ నిజంగా అక్కరకొచ్చే చోటు ఇది. పలకలకు మధ్య సందు ఎంత ఉండాలో అది చెబుతుంది.

కొలతలోనూ బంగారం మోసం చేస్తుంది. చేతిలో పట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉద్గారత 0.95 అనుకుని చదువుతుంది. బంగారం మీద గురిపెడితే అది చూపేది ఎక్కువగా ప్రతిఫలించిన ఆకాశాన్ని. రేకు మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, అది సర్దుకున్నాక దానిమీద చదివితే నిజం దగ్గరికి వస్తుంది. నల్లరాయి మీద ఈ ఇబ్బంది లేదు.

పనిముట్లు

1970లో స్వాన్సన్ మొదలుపెట్టిన ఆన్సిస్, 1978 నాటి అబాకస్, కామ్సోల్ వంటివి పరిశ్రమలో రాజ్యమేలుతున్నాయి. వాటి లైసెన్సు ఖర్చు చిన్న కాలేజీలకు భారమే. దాన్ని ఈ పని చేయకపోవడానికి సాకుగా చెప్పడం మాత్రం సరికాదు. కాల్క్యులిక్స్, ఫిన్లాండ్ వాళ్ల ఎల్మర్, ఫ్రాన్సు విద్యుత్ సంస్థ తయారుచేసిన కోడ్ ఆస్టర్ ఉచితంగా దొరుకుతాయి. మన రాతి పలక లెక్కకు వాటిలో లేనిదేమీ లేదు. ఒక వరస ఎలిమెంట్ల మోడల్ అయితే స్ప్రెడ్‌షీట్‌లో కూడా చేయొచ్చు. అలా చేసినవాళ్లకే సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. కొరత ఉన్నది కొలతలకు. మన నల్లరాళ్లు, తాండూరు బండలు, మొజాయిక్, పాతబడ్డ చలువ పెయింట్, పీచు పట్టాలు ఎండలో ఎంత తీసుకుంటాయో, ఎంత వదులుతాయో కొలిచి అందరికీ అందుబాటులో పెట్టిన పట్టిక ఒక్కటి ఉంటే ఈ రెండు రాష్ట్రాల్లో ఎందరి లెక్కలో బాగుపడతాయి. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంతకన్నా పనికొచ్చే అంశం నాకు తోచడం లేదు.

నీళ్ల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మామూలు ఉష్ణ లెక్కల్లో దానికి బటన్ ఉండదు. చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు చల్లితే మిల్లీమీటరు మందం పొర అవుతుంది. అది ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. గంటలో ఆరిపోయిందనుకుంటే చదరపు మీటరుకు 670 వాట్లు. రాయి తాగే 836 వాట్ల ఎండలో అది ముప్పాతికకు పైనే. అంటే తడి ఉన్నంతసేపు నీళ్లు చాలా బలమైన మందు, తడి ఆరిన వెంటనే ఎండ మొత్తం మళ్లీ రాతి మీదే. దీన్ని మోడల్‌లోకి తేవాలంటే తడి ఉన్న సమయానికి మాత్రమే పనిచేసే ఒక రుణాత్మక ఉష్ణ ప్రవాహాన్ని మనమే రాసి పెట్టాలి, గాలిలో తేమను బట్టి దాన్ని మార్చాలి. ఎంతసేపటికోసారి చల్లాలి, ఎన్ని లీటర్లు కావాలి, అదే నీటి ఖర్చుకు ఎన్ని మీటర్ల పందిరి వేయొచ్చు అన్న పోలిక అప్పుడు సంఖ్యలతో చేయొచ్చు. పందిరి వేస్తే నేరుగా పడే ఎండ పోతుంది గానీ పందిరి బట్ట తానే వేడెక్కి కిందికి వికిరణం పంపుతుంది. దాని కింద నేలకు ఆకాశం కనిపించదు, గాలి కూడా నెమ్మదిస్తుంది. ఆ మూడింటినీ కలిపి లెక్కగట్టి, పందిరి ఎంత ఎత్తులో ఉంటే, పక్కలు ఎంత తెరిచి ఉంటే క్యూలో నిలబడ్డవాళ్లకు మేలు జరుగుతుందో తేల్చే పని ఇంకా మిగిలే ఉంది.